పల్లంలో నాటిన గంధరాజాలు

ఈమధ్య తోటల శాఖలో చేరిన కుర్రవాళ్ళు కొందరు మా ఇంటికి వచ్చి, మీ చేతుల మీదుగా పెరిగిన తోటల గురించి ఏమైనా రాసిపెట్టండి అని అడిగారు. పెరిగిన వాటి గురించి చెప్పడానికి నేనెందుకు? అవి అక్కడే ఉన్నాయి, వెళ్ళి చూడవచ్చు. అందుకని కోరాపుట్‌లో నేను నాటించిన ఇరవై నాలుగు గంధరాజం మొక్కల గురించి రాస్తున్నాను. వాటిలో పద్దెనిమిదింటిని నేనే పీకించేశాను. మొక్క పెంచడం నేర్చుకోవాలంటే ఇది కూడా చదవదగ్గ పాఠమే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు. మా తాతగారు సంస్థానంలో ఠాణాల మీద పెద్ద అధికారి. గుణుపూర్ వైపు మాకు ఊళ్ళుండేవి. సంస్థానం రద్దయ్యాక ఊళ్ళూ పోయాయి, మనుషులూ పోయారు. ఒక పాత ఇల్లూ, పేరు చివర ఉన్న బిరుదూ మిగిలాయి. నేను బతుకుతెరువు కోసం ఉద్యోగంలో చేరాను గాని, ఉద్యోగిలా నడవడం చాలాకాలం చేతకాలేదు. ఎండలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు వేసుకునేవాణ్ణి. మట్టిలో చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. చెయ్యవలసినదేదో కర్రతో చూపించేవాణ్ణి.

నన్ను వేసింది కోరాపుట్‌లో సర్కారు అతిథి బంగళా తోటకి, సూపర్‌వైజరుగా. నాతోపాటు ఆఫీసులో ఒక హెడ్‌గుమాస్తా ఉండేవాడు. రామనగుడ దగ్గర స్థిరపడ్డ శ్రీకాకుళం రైతు కుటుంబంవాడు. నోరు ఊరుకునేది కాదు. నేను మొదటిరోజు కోటు వేసుకుని తోటలోకి దిగితే, నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, మొక్కలకి కూడా కోట్లు తొడిగేత్తారేటి?" అన్నాడు. నేను నవ్వలేదు. అతను మాత్రం రోజంతా నవ్వాడు.

ఇక తోటమాలి. ఆ కొండల మనిషి, దేశియా అనే కొండ ఒడియా మాట్లాడేవాడు. బజారులోను బంగళాలోను తెలుగువాళ్ళ మధ్య తిరిగి తిరిగి తెలుగు కూడా వచ్చేసింది. దసమంతపూర్ వైపు కొండ మీద చోళ్ళు, అంటే రాగులు, పండే పొలం చెక్క ఒకటి ఉంటే దాన్ని తమ్ముడికి వదిలేసి ఈ పనిలోకి వచ్చాడు. ఆరేళ్ళుగా టెంపరరీ. ఆ ఏడు చైత్రం నాటికి అతన్ని పర్మినెంటు చెయ్యాలని కాగితం నడుస్తోంది. ఆ కాగితం మీద నా మంచిమాట ఒకటి కావాలి. అది అతనికీ తెలుసు. అయినా ఏనాడూ దానికోసం నా వెనక తిరగలేదు. అతని దగ్గర నాకు నచ్చనిదీ, లోపల్లోపల నచ్చినదీ అదే.

గంధరాజం మా వైపు మొక్క. పల్లపు నేలల్లో, వెచ్చటి గాలిలో ఏ శ్రద్ధా లేకుండా పెరుగుతుంది. ఏడాది పొడుగునా నిగనిగలాడే ఆకు, వేసవిలో తెల్లటి ముద్దపువ్వు. పువ్వు రెండోరోజుకి మీగడరంగుకి తిరుగుతుంది, వాసన మాత్రం తగ్గదు. మా పాత దొడ్డిలో ఒక వరస మిగిలి ఉంది. కోరాపుట్ బంగళా ముందు ఏదైనా మంచి వరస వెయ్యమని పై అధికారి అన్నప్పుడు నాకు ఇంకో మొక్క తోచలేదు. తొలకరిలో వెళ్ళి పెన్సిలంత లావున్న కొమ్మలు కోయించి, తడిగోనెలో చుట్టించి, రాయగడ మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఘాట్‌రోడ్డు మలుపుల్లో పక్కనున్నాయన నా భుజం మీద వాంతి చేసుకున్నా ఆ మూట కింద పెట్టలేదు. ఏటి ఇసుకలో నాటి నీడలో ఉంచితే రెండు నెలల్లో వేళ్ళు పట్టాయి. అక్కడి ఎర్రమట్టి గంధరాజానికి బంగారం లాంటిది. సున్నపునీళ్ళు తగిలితే దాని ఆకు ఈనెలు తప్ప పసుపురంగుకి తిరిగి పాలిపోతుంది. కోరాపుట్‌లో ఆ బెడద లేదు. ఆ మాట నేను అందరికీ చెప్పుకున్నాను. మా మొక్క ఎక్కడైనా బతుకుతుంది అని కూడా అన్నాను. అది మొక్క గురించి అన్న మాట కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఎక్కడ నాటాలన్న దగ్గర మొదటి పేచీ వచ్చింది. బంగళా వరండా ముందు నేల మెల్లగా దిగి, చివర గిన్నెలా ఒక పల్లం ఉంది. వరండాలో కూర్చుంటే కళ్ళకి తిన్నగా కనిపించే చోటు అది. నేను కర్రతో అక్కడ గీత గీశాను. మాలి కదలలేదు. నన్ను ఒడియా పద్ధతిలో ఆగ్యా అనేవాడు, అంటే అయ్యగారూ అని.

"అక్కడొద్దు ఆగ్యా. వంటింటి గోడవార ఎయ్యండి. మెరక మీద."

"వంటింటి వెనక వేస్తే ఎవరు చూస్తారు?"

"సలి నీరులాగే పల్లానికి పోతాది. పోయి ఆ గొయ్యిలో కూకుంటాది. ఇది మెత్తటి మొక్క."

చలి ఎక్కడైనా చలేనని, నాకు పాఠాలు చెప్పవద్దని అన్నాను. అతను పార తీసుకుని గీత వెంబడే గుంతలు తవ్వాడు. చెప్పవలసింది చెప్పి, చెయ్యమన్నది చెయ్యడం అతని పద్ధతి. మొక్కలు బాగా నాటుకున్నాయి. కార్తికం నాటికి మోకాలెత్తు వచ్చాయి. మాఘం మొదట్లో రాజధాని నుంచి పెద్దలు వస్తారన్నారు. పువ్వు అప్పటికి రాదు గాని, ఆ ఆకుపచ్చ వరస ఒక్కటి చాలు అనుకున్నాను.

పెద్దలు రావడానికి ఇంకా ఐదు రోజులుంది. ఆ సాయంత్రం గాలి పడిపోయింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నేనూ హెడ్‌గుమాస్తా వరండాలో నిలబడి ఉన్నాం. మాలి తలమీద పెద్ద గడ్డిమోపుతో వచ్చి మెట్ల దగ్గర దింపాడు.

"ఈ పొద్దు ధలా కాకర్ పడతాది ఆగ్యా. మొక్క మొక్కకీ గడ్డి టోపీ ఒకటి కట్టేత్తాను. ఎండెక్కేక తీసేద్దుము."

కాకర్ అంటే ఒడియాలో మంచు. ఆకుల మీద తెల్లవారి నిలిచే మంచుబొట్టు. నాకు ఒడియా బాగా వచ్చునని గర్వం; మా ఇంట్లో మూడు తరాలుగా ఆ భాషలో ఉత్తరాలు రాశారు. మంచుబొట్టుకి భయపడి మొక్కలకి టోపీలేమిటి అనుకున్నాను. ధలా అంటే తెల్లటి అని. తెల్ల మంచు. మంచు తెల్లగా కాక ఎర్రగా ఉంటుందా? గడ్డకట్టి పడే మంచుకి ఆ కొండల్లో ఆ మాట వాడతారని నా ఒడియాలో లేదు. మా పల్లపు ఊళ్ళలో అలాంటిది పడదు గనక దానికి మాటా లేదు.

నేను నోరు విప్పేలోపు హెడ్‌గుమాస్తా అందుకున్నాడు. "కాకర పడతాదేటి? అయితే గడ్డెందుకురా, పందిరెయ్యి. తెల్లారి కోసుకుని ఏపుడు సేయించుకుందుం."

మాలికి మన కాకరకాయ తెలుసు. అతను నవ్వలేదు. నేను నవ్వాను. కిందివాళ్ళతో కలిసి నవ్వడం నాకు అలవాటు లేదు. ఆ ఉద్యోగంలో బహుశా అదే మొదటిసారి. నవ్వుతూనే, "అతిథులు వచ్చే వేళకి తోటలో గుడిసెలు కడతావా? తీసుకుపో" అన్నాను.

"ఒక్క రాత్రికి ఆగ్యా."

"తీసుకుపొమ్మన్నాను."

అతను మోపు మళ్ళీ తలకెత్తుకున్నాడు. పోతూ పోతూ, "పోనీ కాసిన్ని నీళ్ళేనా పెట్టమంటారా, తడి ఉంటే కొంత కాత్తాది" అన్నాడు. నేను వినిపించుకోకుండా లోపలికి వెళ్ళిపోయాను.

తెల్లవారి వరండాలోకి వచ్చేసరికి పల్లం అంతా ఉప్పు చల్లినట్టు ఉంది. మెరక మీద గడ్డి పచ్చగానే ఉంది. పల్లంలో మాత్రం ప్రతి గడ్డిపోచా తెల్లగా బిగుసుకుని నిలబడింది. గంధరాజం ఆకులు అద్దపుముక్కల్లా మెరుస్తున్నాయి. చూడ్డానికి బాగుంది కూడా. నేను చప్పట్లు కొట్టి వంటవాణ్ణి పిలిచి చూపించాను. అంత తెలివి నాది. ఎండెక్కాక మెరుపు పోయింది. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు మొక్కల ఆకులూ ఉడికిన బచ్చలికూరలా వేలాడాయి. మర్నాటికి నల్లబడ్డాయి.

పై అధికారి వచ్చి చూసి, "ఏమిటిది?" అని ఒక్కమాట అడిగి వెళ్ళాడు. జవాబు రాసివ్వమన్నాడు.

ఆ రోజు నేను రెండు పనులు చేశాను. మొదటిది, చచ్చిన వరస పీకేసి ఆ చోట బంతి కుండీలు పెట్టమని మాలికి చెప్పడం. అతను ఒక మొక్క మొదట మట్టి తీసి వేరు పైకి కనిపించేలా చేశాడు.

"సూడండి, ఏరు తెల్లగా ఉంది. ఇది సావలేదు. పైది కొట్టేసి వదిలేత్తే చైత్రానికి సిగురేత్తాది."

"చైత్రం దాకా ఈ దరిద్రం పెద్దలకి చూపించమంటావా?"

"కుండీలు ముందు పెట్టుకోండి. ఏరు నా సేత్తో పీకనాగ్యా. బతికున్నదాన్ని పీకను."

గొంతు పెంచలేదు. పార పక్కన పెట్టి నిలబడ్డాడు, అంతే. నా మాటకి ఎదురు నిలబడ్డ మనిషిని మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. నేను ఇద్దరు కూలీలను పిలిపించి పీకించాను. పద్దెనిమిది పీకాక కుండీలు అయిపోయాయి. చివరి ఆరూ వరండాకి కనిపించని మూల ఉన్నాయి గనక వాళ్ళు వాటిని వదిలేసి అన్నాలకు పోయారు.

రెండోది, జవాబు రాయడం. ఇంగ్లీషులో రాశాను. మాలి కాపలా సరిగా ఉంచలేదనీ, చలికి తగిన జాగ్రత్త తీసుకోలేదనీ, ఆపైన ఉత్తర్వు ధిక్కరించాడనీ. కింద అతని వేలిముద్ర కావాలి. హెడ్‌గుమాస్తా కాగితం చదివి నావంక చూశాడు.

"బాబూ, ఆడు గడ్డి తెచ్చేడు గదా. మనిద్దరం సూసేం గదా."

"మనిద్దరం నవ్వాం కూడా. అదీ రాయమంటావా?"

అతను తల వంచుకుని మాలిని పిలిచాడు. మాలి వచ్చి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఇందులో ఏటుంది బాబూ?" అని గుమాస్తాని అడిగాడు. గుమాస్తా నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను. "ఆఫీసు కాగితంరా. ఎట్టెయ్" అన్నాడు గుమాస్తా. పెట్టాడు. వారం తిరక్కుండా అతన్ని తీసేశారు. పర్మినెంటు కాగితం దానంతటదే ఆగిపోయింది.

ఇంతవరకూ జరిగినదాన్ని తెలియనితనం అనీ, కోపం అనీ చెప్పుకుని సర్దుకోవచ్చు. నేను చాలాకాలం అలాగే సర్దుకున్నాను. తర్వాతిదానికి ఆ పేరు పెట్టడం కుదరదు.

చైత్రంలో ఒకరోజు మూలకి వెళితే, వదిలేసిన ఆరు మోళ్ళకీ మొదట్లో గోరంత చిగుళ్ళు కనిపించాయి. ఆరింటికి ఆరు. నేను చూస్తుండగానే హెడ్‌గుమాస్తా వెనకనుంచి వచ్చాడు.

"ఏటి బాబూ, సచ్చినోలు లేచొచ్చేరు." కాసేపు ఆగి, "ఆడ్ని పిలిపిద్దుమా?" అన్నాడు.

"కాగితం వెళ్ళిపోయింది కదా."

"కాగితానికేటి? ఇంకో కాగితం రాత్తే పోద్ది. అధికారి మంచోడే. మొక్క బతికింది, మాలి సెప్పిందే నిజం అని రాయండి. రెండు ముక్కలు."

"నేను రాసింది తప్పని నేనే రాయనా?"

"మరెవులు రాత్తారు బాబూ?"

నేను ఆఫీసులోకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత అతను నా కోటు మీద గాని మరి దేనిమీద గాని పరాచికం ఆడలేదు. బదిలీ అయి వెళ్ళేదాకా "అలాగేనండి" అన్న మాట తప్ప నాకు అతని నోటినుంచి ఇంకొకటి దక్కలేదు. మనిషి నవ్వడం మానేస్తే ఆఫీసు ఎంత చల్లబడుతుందో అప్పుడు తెలిసింది.

వానల్లో ఆ ఆరూ గుబురు కట్టాయి. మరుసటి వేసవికి పూశాయి. పై అధికారి చూసి, "ఇవి చచ్చాయన్నారే?" అని అడిగాడు. చెప్పడానికి అంతకంటె మంచి అదను రాదు. "మొదలుకంటా కత్తిరించి కాపాడానండి" అన్నాను. ఆయన సంతోషించి నా ఫైల్లో ఒక మంచిమాట రాశాడు. ఆ మాట మీద నాకు పై మెట్టు దొరికింది.

ఐదారేళ్ళు గడిచాయి. కొండ ఊళ్ళలో నారింజ, నిమ్మ మొక్కలు పంచే పని మీద నన్ను దసమంతపూర్ బ్లాకుకి పంపారు. జీపు పోలేని చోట కూలీల నెత్తిన మొక్కలు పెట్టించి నడిచి వెళ్ళాం. ఒక ఊళ్ళో మొక్కల కోసం వరసలో నిలబడ్డవాళ్ళలో అతను ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూడగానే వరసలోంచి బయటికి వచ్చి దణ్ణం పెట్టాడు. అతని ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. అది నాకు కష్టంగానే ఉంది.

ఇంటికి తీసుకెళ్ళి అరుగు మీద చాప వేశాడు. అతని భార్య చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపకుండానే నన్ను చూసి, "ఈయనేనా?" అని దేశియాలో అడిగింది. అవునన్నాడు. తర్వాత నా ఎదుట నేలమీద కూర్చున్నాడు.

"బాబూ, ఒక మాట అడుగుతాను. ఆ పొద్దు నా ఏలు పెట్టించేరు గదా. ఆ కాగితంలో ఏటి రాసేరు?"

"ఎందుకు?"

"సర్కారోలు ఉత్తినే తీసేత్తారా, దొంగతనం సేసుంటాడని ఊరోలు అంటారు. మా తమ్ముడు కూడా అదే నమ్మేడు. నాను సెయ్యనేదంటాను. మరేటి సేసేవురా అంటారు. నాకు తెల్దు గదా. ఏలెట్టినోడ్ని నానే, తెల్దంటే ఎవులు నమ్ముతారు?"

చేట చప్పుడు ఆగింది.

అప్పుడు నిజం చెప్పడానికి నాకు ఏ అడ్డూ లేదు. ఉద్యోగం పోయేది కాదు. అక్కడ వినేవాళ్ళు ఇద్దరే. అయినా తల వంచడం నా మెడకి రాలేదు. "పోస్టు రద్దయిందని రాశాం. నీ తప్పేమీ లేదు" అన్నాను.

అతను ఒక్క ఉదుటున లేచి భార్యవైపు చూశాడు. "విన్నావా?" అని, వీధిలోకి పోయి తమ్ముణ్ణీ, ఊరి పెద్ద నాయక్‌నీ పిలుచుకొచ్చాడు. వాళ్ళ ముందు ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు. మంచి ఒడియాలో, మా తాతగారు ఉత్తరం రాయించినంత శుద్ధంగా చెప్పాను. నాయక్ తల ఊపాడు. తమ్ముడు నేలచూపులు చూశాడు. ఆమె నాకు అంబలి తెచ్చి ఇచ్చింది. తాగాను.

వాళ్ళు వెళ్ళాక అతను నెమ్మదిగా అడిగాడు. "మరి ఆ మొక్కలు బాబూ? మూలనున్నవి పీకనేదని తర్వాత విన్నాను. సిగురేసేయా?"

వేశాయని చెబితే, చూసి కూడా నిన్నెందుకు పిలవలేదు అన్న ప్రశ్న వస్తుంది. అతను అడిగేవాడు కాదేమో. అయినా నేను దానికే భయపడ్డాను.

"లేదు. బతకలేదు."

"అయితే ఏరు సూడ్డంలో నాదే తప్పు" అన్నాడు. "అంత గట్టిగా మీకు ఎదురు సెప్పేను. బతికున్నాదనే అనుకున్నాను."

నేను బయలుదేరతానని లేచాను. ఊరివాళ్ళందరికీ పంచగా మిగిలిన నారింజ మొక్క ఒకటి అతనికి ఇచ్చారు. దారిలో ఎండకి వాడి, ఆకు ముడుచుకుని ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"ఇది బతుకుతాదా బాబూ? మీరు సూసి సెప్పండి."

నాకు తెలియలేదు. బతుకుతుంది అన్నాను.

"ఎక్కడెయ్యమంటారు?"

ఇంటి కింద నేల వాలుగా దిగుతోంది. నేను ఒక చోటు చూపించాను. అది సరైన చోటో కాదో ఆ కొండమీద పుట్టిన మనిషికి తెలియకపోదు. అతను ఇంకో మాట అనకుండా పార తెచ్చి, నేను చూపించిన చోటే తవ్వడం మొదలుపెట్టాడు.